తొలిపొద్దు దేనికి?

(సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)

ఈ ప్రసంగం చదువుతున్నది ఒకరే అయినా రాసినది ఇద్దరం. భార్యాభర్తలు ఒకే కాగితం మీద ఏకాభిప్రాయానికి రావడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. అయినా వచ్చాము. కనుక ఇందులో 'మేము' అన్న చోటల్లా ఇద్దరమూ పూచీ పడతాము.

కార్యదర్శిగారు మాకు ఇచ్చిన విషయం 'నిత్యజీవితంలో ముఖ్యమైనవీ, ముఖ్యం కానివీ' అన్నది. ఇది వేదాంతులు చెప్పదగ్గ సంగతి. మేము వేదాంతులం కాము. కెడా రాష్ట్రంలో కూలిం చేరువనున్న ఒక రబ్బరు తోటలో మా పెద్దలు బతికారు. ఆ తోటలో నేర్చినదీ, ఈమధ్య మా ఇంట్లో జరిగినదీ తప్ప మాకు ఈ విషయం మీద మరో అధికారం లేదు. ఆ రెండే చెబుతాము.

రబ్బరు చెట్టు దగ్గర పని తెలిసినవారు ఈ సభలో కొందరైనా ఉంటారు. చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాము. తెల్లవారుజామున అయిదు గంటల వేళకే తోట ఆఫీసు ముందు అందరూ వరుసగా నిలబడాలి. ఆ హాజరు పిలుపును పెరట్టు అనేవారు. పేరు పిలిచినప్పుడు పలకకపోతే ఆ రోజు కూలి లేనట్టే. అక్కడి నుంచి చీకట్లోనే దీపం పట్టుకొని తమ వంతు చెట్ల దగ్గరకు పోవాలి. ఒక్కొక్కరికి నాలుగైదు వందల చెట్లు. ప్రతి చెట్టుకూ నిన్నటి గాటు మీద దళసరి కాగితమంత మందాన బెరడు చెక్కాలి. లోతు తక్కువైతే పాలు రావు. ఎక్కువైతే చెట్టుకు గాయమవుతుంది, అక్కడ తిరిగి పెరిగే బెరడు బొడిపెలు కడుతుంది, కంగాణీ చేత తిట్లు పడతాయి.

ఎందుకంత చీకట్లోనే వెళ్ళడం? దొర భయం ఒక్కటే కాదు, చెట్టు స్వభావం అటువంటిది. రాత్రి చల్లదనానికి బెరడులోని పాలగొట్టాలు నీటితో నిండి బిగువుగా ఉంటాయి. ఎండ ఎక్కి ఆకులు నీటిని ఆవిరి చేయడం మొదలుపెట్టగానే ఆ బిగువు సడలిపోతుంది. చీకటితో గాటు పెడితే ధారకట్టే పాలు, ఎండెక్కాక పెడితే బొట్లు బొట్లుగా వచ్చి ఆగిపోతాయి. అదే చెట్టు, అదే కత్తి, అదే చెయ్యి. వేళ ఒక్కటే తేడా. పాలు పోసుకొన్నాక గాటు మీదా, గిన్నె అంచునా ఎండి అంటుకొన్నదాన్ని మరునాడు గోకి తీసి బుట్టలో వేసేవారు. దానిని ఒట్టుపాలు అంటారు. దానికీ ధర ఉంది, కాకపోతే చౌక ధర. మా తాతగారు పెళ్ళి అయిపోయాక వచ్చిన చుట్టాన్ని చూసి 'అదిగో, ఒట్టుపాలు వచ్చింది' అనేవారట. మా ఇంట్లో ఆ మాట ఇప్పటికీ ఉంది.

ఆ తాతగారు విశాఖ జిల్లా వాడు. ఆనాటి విశాఖ జిల్లా అంటే విజయనగరం జిల్లా కూడా కలిసినదే. మలయాకు వచ్చిన తెలుగువారిలో ఎక్కువ మంది ఆ ప్రాంతం వారే. మద్రాసు దగ్గర ఆవడిలో కూలీల డిపో ఉండేది. అక్కడ కొన్ని రోజులుంచి, ఓడ ఎక్కించి, పినాంగ్ దగ్గర జెరెజాక్ దీవిలోనో, పోర్టు స్వెటెన్‌హామ్‌లోనో దింపి, అంటురోగాలు లేవని తేలేవరకు కట్టడిలో ఉంచి, తర్వాత తోటలకు పంపేవారు. ఆ పోర్టు స్వెటెన్‌హామే ఇప్పటి పోర్టు క్లాంగ్. తాతగారు వచ్చినది రజులా అనే ఓడ మీద. ఆ ఓడ 1926లో నీటిలో దిగి దాదాపు యాభై ఏళ్ళు ఈ సముద్రం మీదనే తిరిగింది. మనవాళ్ళు చాలామంది ఒంటరిగా కాక ఆలుబిడ్డలతో వచ్చారు. పదేళ్ళు పని చేసి తిరిగి పోదామనే అందరి ఊహ. 1938లో భారత ప్రభుత్వం కూలీలను పంపడం ఆపివేసింది. ఆ తర్వాత జపాను వారి దండయాత్ర వచ్చింది. తోటల్లోని వేలాది మందిని, మన తెలుగువారిని కూడా, సయాం-బర్మా రైలు మార్గం వేయడానికి తీసుకుపోయారు. పోయినవారిలో ఎందరో తిరిగి రాలేదు. బతికి మిగిలినవారు ఇక్కడే ఉండిపోయారు.

ఇదంతా మీకు తెలిసిన చరిత్రే. మేము చెప్పదలచినది ఇందులో ఒక చిన్న విషయం. రెండు గదుల లైనింట్లో, రోజు కూలి మీద బతికిన ఆ మనుషులు కొన్నిటికి ముందు చోటు ఇచ్చారు. మా మామ్మ పొద్దున అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు ముందుగా ఒక పిడికెడు బియ్యం తీసి మూలనున్న డబ్బాలో వేసేది. వండిన తర్వాత మిగిలింది కాదు, వండకముందే. నెలకోసారి లైనులోని ఇళ్ళన్నిటి డబ్బాలూ రామభజన మందిరానికి చేరేవి. శ్రీరామనవమికి పానకం, వడపప్పు, ఊరంతటికీ భోజనం అందులోంచి నడిచేవి. ఇంట్లో బియ్యం చాలని నెలలో కూడా డబ్బాలో పడవలసినది పడేదని అమ్మ చెప్పేది. చాలని రోజున మామ్మ తన కంచంలో తగ్గించుకొనేదన్న సంగతి అమ్మకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

బడి సంగతీ అంతే. పది మంది బడి ఈడు పిల్లలుంటే తోట యజమాని బడి పెట్టాలని 1923 నాటి కార్మిక చట్టంలో ఉంది. చట్టంలో ఉన్నంత మాత్రాన బడి నడవదు గదా. మా తోటలో బడి అంటే రేకుల కప్పు, ఒక నల్లబల్ల, ఒక పంతులుగారు. ఆయన పొద్దున పాలతూకం లెక్కలు రాసి, ఆ తర్వాత పిల్లలకు ఓనమాలు దిద్దించేవారు. మా అమ్మ అక్కడ మూడు తరగతులు చదివింది. ఆ మూడు తరగతుల చదువుతోనే జీవితమంతా ఉత్తరాలు రాసింది, భజన పుస్తకాలు చదివింది, పాలవాడి లెక్క తప్పని రుజువు చేసింది.

తర్వాత సంగతి త్వరగా చెప్పేస్తాము. స్వాతంత్ర్యం 1957లో వచ్చింది. తోటలు ముక్కలై అమ్ముడుపోయాయి, రబ్బరు నరికి పామాయిలు వేశారు, లైన్లు ఖాళీ అయ్యాయి. తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మన పిల్లలు తమిళ బడికో, మలాయి బడికో పోయారు. మేము క్లాంగ్ లోయలో పట్నవాసులమయ్యాము. రెండు ఉద్యోగాలు, రెండు కార్లు, ఇద్దరు పిల్లలు. మా తాతగారి లైనిల్లు మొత్తం మా ముందు గదిలో పట్టేస్తుంది. ఇందులో విచారించవలసినది ఏమీ లేదు. ఆయన కోరుకొన్నదీ ఇదే కాబోలు.

పట్నం వచ్చాక మేము తెలుగును మరచిపోలేదు. పైగా సంఘాల్లో చేరాము. 1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టిన నాటి నుంచి మా ఇంట్లో ఎవరో ఒకరు సభ్యులే. 1981 ఏప్రిల్‌లో కౌలాలంపూరులో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు అమ్మా నాన్నా కూలిం నుంచి బస్సులో వచ్చారు. దేశదేశాల తెలుగువారిని చూసి అమ్మ మురిసిపోయింది. తిరిగి వచ్చాక మాత్రం ఒక మాట అన్నది: 'ఆల్ల తెలుగు మనకి తెలస్తాది గాని, మనం నోరిప్పితే ఆల్లు నవ్వుతన్నారు'. ఎవరు నవ్వారో, ఎందుకు నవ్వారో మాకు తెలియదు. ప్రేమతోనే నవ్వారేమో. అమ్మ మాత్రం ఆ తర్వాత కొత్తవాళ్ళ ఎదుట తెలుగు మాట్లాడడం తగ్గించింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇక మా ఇంట్లో జరిగినది చెప్పాలి. దీనిని చెప్పాలా వద్దా అని మేమిద్దరం చాలా రోజులు వాదించుకొన్నాము.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరకు వచ్చింది. తమిళం బాగా వచ్చు. సంతలో చేపల బేరమాడేంత మలాయి వచ్చు. మనవలతో ఆ రెండూ కలిపి మాట్లాడేది, పనులు సాగిపోయేవి. ఎనభై దాటాక మరుపు మొదలైంది. మొదట మలాయి పోయింది. తర్వాత తమిళం. డాక్టరుగారు చెప్పారు, ఇటువంటి మరుపులో తర్వాత నేర్చుకొన్న భాషలు ముందు జారిపోయి, తల్లి ఒడిలో నేర్చినది ఆఖరున మిగలడం చాలామందిలో చూస్తామని. చివరకు అమ్మ దగ్గర శ్రీకాకుళం వైపు తెలుగు ఒక్కటే మిగిలింది. అదీ తన చిన్ననాటి తెలుగు.

ఆ సంవత్సరం ఉగాది ఉత్సవాలకు ఒక కమిటీ వేశారు. అందులో మేమిద్దరమూ ఉన్నాము. ఒక రాత్రి కమిటీ సమావేశం. స్వాగత ద్వారం మీద తెలుగు అక్షరాలు బంగారు రంగులో ఉండాలా, ఎరుపు రంగులో ఉండాలా అన్న చర్చ వచ్చింది. నవ్వకండి, మీలో కమిటీలు చూసినవారికి ఇది కొత్త కాదు. రెండు గంటలు నడిచింది. మేము ఎరుపు పక్షం. ఎరుపు దూరానికి కనబడుతుందని గట్టిగా వాదించాము, గెలిచాము కూడా. ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది.

మా పెద్దవాడు, అప్పటికి వాడికి పదిహేనేళ్ళు, మామ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోను. మంచం చుట్టూ ఒక దుప్పటి, బిస్కెట్ల పొట్లం, నొప్పులకు రాసే తైలం సీసా, చిన్న ఫ్యాను. ఏమిటిదని అడిగితే, మామ్మ ఏదో కావాలన్నది, ఏమిటో తెలియలేదు, ఒక్కొక్కటే తెచ్చి చూపించాను, అన్నిటికీ తల అడ్డంగా ఆడించింది, కాసేపటికి ఊరుకుంది అన్నాడు. ఏమన్నదని అడిగాము. వాడు ఆ మాటను పట్టి పట్టి పలికాడు. 'పిడస' అన్నదట. ఫోనులో నాలుగు రకాల స్పెల్లింగులతో వెదికాడట. దొరకలేదట.

'నోరు పిడస కట్టుకుపోతంది బాబూ' అని ఉంటుంది మా అమ్మ. దాహం వేస్తున్నది. నీళ్ళ కూజా వంటింటి బల్ల మీద, వాడికి పది అడుగుల దూరంలో ఉంది.

అమ్మకు ఆ రాత్రి ఏమీ కాలేదు. నీళ్ళిస్తే తాగి పడుకొంది. ఆ తర్వాత మూడు నెలలు బతికింది. పెద్ద ప్రమాదం జరిగిందని మేము చెప్పడం లేదు. వాడు అడిగిన మాట ఒక్కటే చెప్పదలచాము. మాట అర్థం చెప్పగానే వాడు కూజా వైపు చూశాడు, మా వైపు చూశాడు. 'ఈ మాట మీకు తెలుసు గదా. నాకెందుకు చెప్పలేదు?' అని ఇంగ్లీషులో అడిగాడు. మేము ఎరుపు అక్షరాల మీద గెలిచి వచ్చినవాళ్ళం, జవాబు చెప్పలేకపోయాము.

తర్వాతి వారం మేము ఒక పని చేశాము. పాత నోటు పుస్తకం ఒకటి తీసి, ఇంట్లో ఎవరు ఎవరితో ఏ భాషలో ఏమి మాట్లాడుతున్నారో వారం రోజులు రాశాము. ఎవరైనా చేసి చూడవచ్చు. మన ఇంట్లో తెలుగు ఉందని మేము నిజంగానే నమ్మేవాళ్ళం. ఉంది కూడా. ఎటువంటి తెలుగు? 'లే.' 'తిన్నావా?' 'తలుపు వెయ్యి.' 'పడుకో.' 'ఎన్నిసార్లు చెప్పాలి?' పిల్లలకు మా నోట తెలుగంటే ఆజ్ఞలు. బడిలో జరిగిన వింత, బంతాట, స్నేహితురాలి అలక, నవ్వుకొనే సంగతి, ఏడ్చుకొనే సంగతి అన్నీ ఇంగ్లీషులోనో మలాయిలోనో. ఇంకొకటి కూడా ఆ పుస్తకంలో తేలింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మేమిద్దరం నిండుగా, ధారాళంగా తెలుగు మాట్లాడుకొన్నది రెండు సందర్భాలలో. ఒకటి పోట్లాడుకొనేటప్పుడు. రెండు, పిల్లలకు తెలియకూడని డబ్బు సంగతులూ బంధువుల సంగతులూ మాట్లాడుకొనేటప్పుడు. అంటే పిల్లలకు తెలుగు రాకపోవడం వల్ల మాకు ఒక సౌకర్యం ఏర్పడింది. ఆ సౌకర్యాన్ని మేము వాడుకొంటున్నాము. వేదిక ఎక్కినప్పుడు మాత్రం భాష పోతున్నదని బాధపడుతున్నాము.

వారానికొకసారి తెలుగు తరగతికి పంపిస్తున్నాము గదా అనవచ్చు. పంపిస్తున్నాము. ఎప్పుడు? ఆదివారం సాయంత్రం. లెక్కల ట్యూషను, సైన్సు ట్యూషను, బాడ్మింటను, ఈత అన్నీ అయిపోయాక. పిల్లలు అప్పటికి వాడిపోయి ఉంటారు, పంతులమ్మగారు కూడా ఆ సరికే వారమంతా ఉద్యోగం చేసి అలసినవారు. మా తాతగారు చూస్తే ఆ తరగతికి ఏమని పేరు పెట్టేవారో మాకు తెలుసు. పిల్లలకు తెలుగు అంటడం లేదని ఊరికే అనుకొంటున్నాము. ఎండెక్కాక గాటు పెట్టి చెట్టును తిడుతున్నాము.

ఇక్కడ ఒక మాట. ఈ పని మన బదులు మరెవరో చేస్తారన్న ఆశ కొందరికి ఉంది. ఈ దేశ రాజ్యాంగం 152వ అధికరణం జాతీయ భాష మలాయి అని చెబుతూనే, ఎవరి భాషను వారు నేర్చుకోవడానికీ నేర్పడానికీ అడ్డు లేదని కూడా చెబుతుంది. అది గొప్ప విషయమే. అయితే అడ్డు లేకపోవడం వేరు, ఏర్పాటు ఉండడం వేరు. 1996 విద్యాచట్టం ప్రకారం జాతీయ పాఠశాలలో పదిహేను మంది పిల్లల తల్లిదండ్రులు కోరితే చైనీసు గాని, తమిళం గాని బోధించే ఏర్పాటు చేయాలి. ఆ వాక్యంలో తెలుగు పేరు లేదు. మనం కొద్దిమందిమి, అక్కడొకరు ఇక్కడొకరుగా చెదిరి ఉన్నాము. కనుక మన ఇల్లు, మన సంఘం, ఈ రెండే. ఇంట్లో చోటు దొరకనిదానికి ఇంకెక్కడా చోటు లేదు. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. లెక్క అలా ఉంది.

మా ఇంట్లో ఏమి మార్చామో చెబుతాము. పెద్ద సంస్కరణ అనుకోవద్దు. పొద్దున పిల్లలను బడికి దింపడానికి కారులో అరగంట పడుతుంది. ఆ అరగంట తెలుగుకు ఇచ్చాము. రేడియో లేదు, ఫోను లేదు. ఆజ్ఞలు కూడా లేవు, అది మాకు మేము పెట్టుకొన్న షరతు. 'పెన్సిలు తెచ్చుకొన్నావా' అన్న ప్రశ్న కారు ఎక్కకముందే అయిపోవాలి. మొదటి మూడు వారాలు కారులో శ్మశానమే. మా చిన్నది కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. పెద్దవాడు నిద్ర నటించేవాడు. మేమే ఏదో ఒకటి మాట్లాడేవాళ్ళం, గాలితో మాట్లాడినట్టు. నాలుగో వారంలో ఒక రోజు, ముందురోజు రాత్రి ఏదో బంతాట జరిగింది కాబోలు, పెద్దవాడు ఉండబట్టలేక 'బంతి గోల్లో పడిపోయింది, పాపం' అన్నాడు. ఎందుకు పాపం అంటే తన జట్టు గోల్లో పడిందట. ఆ 'పాపం' ఎవరూ నేర్పలేదు. మామ్మ నోట వినివిని ఎక్కడో దాచుకొన్న మాట.

రెండోది, బడి నుంచి రాగానే పిల్లల్లో ఒకరు మామ్మ దగ్గర కూర్చుని, ఆమె అన్న మాటల్లో తెలియనిది పుస్తకంలో రాయాలి. తెలుగు అక్షరాలు రాకపోతే మలాయి స్పెల్లింగులో రాసినా సరే. రాత్రి మేము అర్థం చెప్పాలి. అమ్మ పోయే నాటికి ఆ పుస్తకంలో రెండు వందల పైచిలుకు మాటలు చేరాయి. చూరు, ఉట్టి, చేట, దాక, చోడంబలి, కూకోడం, తొంగోడం, గుంటడు. మొదటి పేజీలో మొదటి మాట పెద్దవాడు స్వయంగా రాశాడు. ఏమిటో మీకు తెలుసు. కొన్నిటికి మాకే అర్థం తెలియదు. అమ్మను అడిగితే ఒకొక్కప్పుడు చెప్పేది, ఒకొక్కప్పుడు మమ్మల్నే ఎవరని అడిగేది. ఆ మాటలు అర్థం లేకుండానే పుస్తకంలో ఉండిపోయాయి.

ఈ పుస్తకం వల్ల మాకు ఒక చిక్కు వచ్చిపడింది. మా చిన్నది తరగతిలో 'నాను ఎల్తన్నాను' అంటే అక్కడ తప్పు అని దిద్దారు. దిద్దినవారు మంచివారే, పుస్తకంలో 'నేను వెళ్తున్నాను' అని ఉంది. పిల్ల ఇంటికి వచ్చి, మామ్మ తెలుగు తప్పు తెలుగా అని అడిగింది. మాకు 1981 నాటి అమ్మ మాట గుర్తుకు వచ్చింది. పుస్తకాల తెలుగు రావాలి, కాదనము. ఉత్తరం రాయాలన్నా, పత్రిక చదవాలన్నా అది కావాలి. అయితే మలేషియాలో తెలుగు నూరేళ్ళకు పైగా నిలిచిందంటే అది 'ఎల్తన్నాను' అన్నవారి వల్లనే నిలిచింది. ముందు ఆ మాట పిల్లల నోట పలకనిచ్చి, తర్వాత పక్కన రెండోది చేర్చమని తరగతులు నడిపేవారికి మా మనవి. మొదటే తప్పు అంటే పిల్లలు నోరు మూసుకొంటారు. పెద్దవాళ్ళే మూసుకొన్నారు.

మేము అన్నీ సరిచేసుకొన్నామని మీరు అనుకోకూడదు. పెద్దవాడికి ఎస్‌పీఎం పరీక్ష వచ్చిన ఏడాది, 'ఈ ఒక్క ఏడాదికి' అని ఆదివారం తరగతి మాన్పించాము. పరీక్ష ముఖ్యం కాదని ఎవరంటారు? ఒక సంవత్సరం మీద పిల్లవాడి చదువంతా ఆధారపడి ఉంటే తల్లిదండ్రులకు నిద్ర పడుతుందా? కారులో అరగంట మాత్రం వదలలేదు, అప్పుడు తెలుగులోనే పరీక్షల భయం చెప్పుకొనేవాడు. పరీక్ష అయ్యాక తరగతికి తిరిగి వెళ్ళమంటే, వాడి ఈడు వాళ్ళు అక్కడ ఎవరూ మిగలలేదు. అందరి ఇళ్ళలోనూ ఆ ఒక్క ఏడాది వచ్చింది మరి. ఇది మేము చేసిన తప్పో, తప్పనిసరో, ఇప్పటికీ ఇద్దరికీ ఏకాభిప్రాయం లేదు. ఈ ఒక్క పేరా మాత్రం చెరి సగం.

ఇప్పుడు ఉత్సవాల మాట. ఉత్సవ వేదిక మీద నిలబడి ఉత్సవాలు వద్దంటే మీరు ఊరుకోరు, మేమూ అనము. ఏడాదికి ఒకసారైనా ఇంత మంది తెలుగువాళ్ళు ఒక కప్పు కింద చేరకపోతే పిల్లలకు తమ వంటి పిల్లలు ఇంకా ఉన్నారని ఎలా తెలుస్తుంది? పెళ్ళి సంబంధాలు కూడా ఇక్కడే గదా కుదురుతున్నాయి. మా అభ్యంతరం వరుస గురించి. మేమున్న ఆ కమిటీ లెక్కల్లో హాలు, దీపాలు, భోజనాలు, అతిథుల శాలువలు, సంచిక అచ్చు, ఇవన్నీ పోగా మిగిలితే తరగతికి. మిగలలేదు. పంతులమ్మగారు పాఠాల ఫోటోకాపీలు తన డబ్బుతో తీయించుకొన్నారని మాకు ఏడాది తర్వాత తెలిసింది. ఆమె మమ్మల్ని అడగలేదు. మేమూ ఆమెను అడగలేదు, ద్వారం రంగు మీద తీరిక లేకుండా ఉన్నాము.

మామ్మ పిడికెడు బియ్యం ఎసట్లో పడకముందే డబ్బాలో పడేది. ఆ పద్ధతినే లెక్కల పుస్తకానికి పట్టించమని ఈ సంవత్సరం సర్వసభ్య సమావేశంలో అడగబోతున్నాము. ఖర్చుల పట్టీలో మొదటి గీత మీద తరగతి. ఫోటోకాపీలు, పంతులమ్మగారి రానుపోను ఖర్చు, పిల్లలకు పలహారం. మిగిలినదానితో ఉత్సవం. భోజనంలో ఒక తీపి తగ్గుతుంది. తీపి తగ్గిందని తిట్టేవాళ్ళు ఉంటారు, వాళ్ళలో మా బంధువులే ఎక్కువ. రెండవ కోరిక, తరగతి సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చాలి. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. ట్యూషన్లవాళ్ళు సాయంత్రానికి పోతే పోనీ.

ఈ రెండో కోరిక గురించి పంతులమ్మగారితో ముందే మాట్లాడాము. ఆమె ఒప్పుకొన్నారు. సమావేశం దాకా ఎందుకు, రేపే మొదలుపెడదామన్నారు. ఉత్సవం మరునాడు ఎవరు వస్తారమ్మా, అందరూ అలసిపోయి ఉంటారు గదా అంటే, ఎందరు వస్తే అందరికే చెబుతానన్నారు. కనుక ఇది ప్రకటన అనుకోండి. రేపు ఆదివారం, పొద్దున తొమ్మిది గంటలకు, ఈ హాలు వెనుకనున్న చిన్న గదిలో తరగతి ఉంటుంది. పలక, పుస్తకం లేకపోయినా పరవాలేదు. ఇంట్లో అమ్మమ్మో, మామ్మో, తాతగారో ఉంటే వారిని కూడా వెంట తీసుకురండి, కుర్చీలు వేయిస్తాము. పెద్దవారు కారు ఎక్కలేకపోతే మాకు చెప్పండి, మేము వచ్చి తీసుకువెళతాము. మా పెద్దవాడికి ఇప్పుడు లైసెన్సు వచ్చింది, వాడే నడుపుతాడు. దారిలో వాడు మీతో తెలుగులోనే మాట్లాడతాడు. తప్పులుంటాయి, నవ్వకండి.

వంటవాళ్ళు రెండోసారి చెయ్యి ఊపుతున్నారు. సాంబారు చల్లారిపోతున్నట్టుంది. మాకిచ్చిన సమయం కూడా ఎప్పుడో దాటింది.